వాక్యంలో క్రియ: గ్రీకు, లాటిన్ క్రియాపదాలు మనకెందుకు?



ఈరోజు మనం మాట్లాడుకోబోయేది వ్యాకరణం గురించి. బడితోనే వదిలిపోయింది అనుకున్న వ్యాకరణం ఆదివారం కూడా వెంటపడిందా అని కొందరు అనుకోవచ్చు. కాస్త ఓపిక పట్టండి. ఒక క్రియాపదాన్ని ఎలా అనువదించారన్నదాన్ని బట్టి ఒక మనిషి జీతం, ఒక ఆడపిల్ల ప్రాణం, ఒక బానిస విడుదల నిర్ణయమైన సందర్భాలు లోకంలో ఉన్నాయి. అందుకే ఈ సంగతి సెమినరీ గోడల మధ్య ఉండిపోకూడదని మన ఆశ.

నిజానికి అనువాదం గురించి మనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. బళ్ళారి, కోలారుల్లో ఉన్నవాళ్ళకు ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం. హోసూరులో తమిళం, బరంపురం, రాయగడల్లో ఒడియా, షోలాపూర్‌లో, ముంబైలో మరాఠీ. యానాంలో 1954 వరకు కచేరీ భాష ఫ్రెంచి. అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళి ఆమె మాటను డాక్టరుకు వేరే భాషలో చెప్పిన పిల్లలు మనలో ఎంతమంది లేరు? "కళ్ళు తిరుగుతున్నాయి" అని అమ్మ అంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు మారిస్తే డాక్టరు కళ్ళు పరీక్షిస్తాడు. కళ్ళు అనే మాట అందరికీ తెలుసు. చిక్కంతా "తిరుగు" అనే క్రియ దగ్గరే.

యేసు ప్రభువు మాట్లాడింది అరామిక్ భాష. సువార్తలు మనకు అందింది గ్రీకులో. పడమటి సంఘం వెయ్యేళ్ళకు పైగా చదివింది లాటిన్‌లో. సిలువ మీద పలక కూడా హెబ్రీ, లాటిన్, గ్రీకు మూడింటిలో ఉందని యోహాను రాశాడు. అంటే సువార్త మొదటి నుంచీ భాషలు దాటుతూనే వచ్చింది. ఆ దాటడంలో క్రియలకు ఏమైందో చూద్దాం.

అర్థం వేరు, బదులు మాట వేరు

గ్రీకు, లాటిన్ నిఘంటువుల్లో క్రియను "నేను చేస్తున్నాను" అనే రూపంలో పెడతారు. లాటిన్‌లో "ఆమో" అంటే "నేను ప్రేమిస్తున్నాను". గ్రీకులో "లూఓ" అంటే "నేను విప్పుతున్నాను". మన నిఘంటువుల్లో అయితే "చేయు", "విప్పు" అని ఉంటుంది. లాటిన్ క్రియను పూర్తిగా ఎరగాలంటే దాని నాలుగు ముఖ్య రూపాలు నేర్వాలి, గ్రీకు క్రియకు ఆరు. ఎవరు, ఎప్పుడు, ఎలా చేశారో అన్నీ ఆ రూపాల్లోనే ఇమిడి ఉంటాయి.

చాలా నిఘంటువులు గ్రీకు మాటకు ఎదురుగా మన భాషలో ఒక బదులు మాట పెట్టి ఊరుకుంటాయి. బదులు మాట అర్థం కాదు. "కనిపెట్టు" అనే మన తెలుగు క్రియనే తీసుకోండి. బడిలో "కనిపెట్టాడు" అంటే కొత్తది కనుగొన్నాడని. సంఘంలో "ప్రభువు కొరకు కనిపెట్టు" అంటే ఎదురుచూడమని. "పిల్లాణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండు" అంటే చూసుకోమని. "కని", "పెట్టు" అని విడగొట్టి ఎంత తవ్వినా ఈ మూడు అర్థాలూ బయటికి రావు. వాడుకలో చూస్తేనే తెలుస్తాయి.

జేమ్స్ బార్ అనే పండితుడు 1961లో రాసిన పుస్తకంలో బైబిలు పండితులను సరిగ్గా ఇందుకే హెచ్చరించాడు. మాట పుట్టుకను బట్టి కాదు, వాక్యంలో దాని వాడుకను బట్టి అర్థం చెప్పాలన్నాడు. 1988లో వచ్చిన లౌ, నైడాల నిఘంటువు, 2000లో డాంకర్ సవరించిన పెద్ద నిఘంటువు ఒక్క బదులు మాటతో ఆగకుండా అర్థాన్ని వివరించి చెప్పడం మొదలుపెట్టాయి. పుల్పిట్ మీద "ఈ మాటకు గ్రీకులో అసలు అర్థం ఇదీ" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటే, మనం కొంచెం జాగ్రత్తగా వినాలి.

మారుమనస్సు: పొందేదా, చేసేదా?

బాప్తిస్మమిచ్చు యోహాను, ఆ తర్వాత యేసు ప్రభువు ప్రకటన మొదలుపెట్టిన మాట గ్రీకులో "మెతనోఎయితె". ఒకే ఒక్క క్రియ, బహువచనం, ఆజ్ఞ. మనసును, ఆలోచించే తీరును మార్చుకోమని దాని భావం. దాని వెనుక పాత నిబంధన ప్రవక్తలు తిరిగి రమ్మని పిలిచిన పిలుపు కూడా ఉంది. కాబట్టి అది తలలో మాత్రమే జరిగే మార్పు కాదు, నడిచే దారి కూడా మారాలి.

లాటిన్ బైబిల్లో ఇది "పేనితెంతియామ్ ఆగితె" అయింది. "ఆగితె" అంటే చేయండి. "పేనితెంతియా" అంటే పశ్చాత్తాపం. ఇదీ తప్పు మాట కాదు. కానీ కాలక్రమాన సంఘంలో అదే మాట పాపానికి విధించే ప్రాయశ్చిత్తానికి కూడా పేరైంది. దాంతో "పశ్చాత్తాపపడండి" అన్న ఆజ్ఞ "ప్రాయశ్చిత్తం చేయండి" అని వినిపించసాగింది. చేయవలసిన పనికి కొలత వచ్చింది. కొలత వచ్చాక, ఆ శిక్షను తగ్గించే పత్రాలకు వెల కూడా వచ్చింది.

15వ శతాబ్దంలో లోరెంజో వల్లా అనే ఇటలీ పండితుడు లాటిన్ కొత్త నిబంధనను గ్రీకుతో పోల్చి నోట్సు రాసుకున్నాడు. ఆ రాతప్రతి ఎరాస్మస్‌కు దొరికింది. 1505లో అచ్చు వేయించాడు. 1516లో ఎరాస్మస్ తానే గ్రీకు కొత్త నిబంధనను కొత్త లాటిన్ అనువాదంతో ప్రచురించాడు. ఈ క్రియకు "రెసిపిస్కితె", అంటే "తెలివిలోకి రండి" అనే మాట తగునని సూచించాడు. ఆ మరుసటి ఏడు, 1517లో, మార్టిన్ లూథర్ తన 95 వాదాంశాల్లో మొట్టమొదటిదాన్నే ఈ క్రియ మీద పెట్టాడు. ప్రభువు అడిగింది ఒక్కసారి చేసి ముగించే కర్మకాండ కాదు, విశ్వాసి బ్రతుకంతా సాగే మార్పు అన్నది దాని సారం. మనలో రోమన్ కాథలిక్ సహోదరులూ ఉన్నారు. ఎవరినీ నొప్పించడానికి ఈ చరిత్ర చెప్పడం లేదు. ఒక క్రియ అర్థం జారితే దాని చుట్టూ ఎంత వ్యాపారం పుట్టగలదో చూపడానికే చెబుతున్నాం.

మరి మన భాషల్లో? మరాఠీ బైబిలు "పశ్చాత్తాప్ కరా" అంటుంది. ఇది లాటిన్ దారి. తమిళ బైబిలు "మనంతిరుంబుంగళ్" అంటుంది, మనసు తిప్పుకోమని. మన తెలుగు బైబిలు "మారుమనస్సు" అంది. ఇది గ్రీకుకు చాలా దగ్గర. అయితే దాని పక్కన "పొందుడి" చేర్చింది. తెలుగులో నామవాచకానికి క్రియ తోడు కావాలి కాబట్టి అలా వచ్చింది. కానీ "పొందు" అనగానే కూటంలో కూర్చుంటే ఎవరో ఇచ్చేది అన్నట్టు ధ్వనిస్తుంది. గ్రీకులో అది మనం చేయవలసిన క్రియ. ఆ మనసు దేవుని కృపే, అందులో సందేహం లేదు. ఆజ్ఞ మాత్రం మనకే వచ్చింది. ప్రజలు "మేమేం చేయాలి" అని అడిగితే యోహాను కన్నీళ్ళు అడగలేదు. రెండు అంగీలుంటే ఒకటి లేనివాడికిమ్మన్నాడు. సుంకరులను ఎక్కువ వసూలు చేయవద్దన్నాడు. సైనికులను బెదిరించి డబ్బు గుంజవద్దన్నాడు. లూకా 3వ అధ్యాయం తెరిచి చూడండి. సంఘంలో కులం చూసి పెళ్ళి సంబంధాలు కలుపుకునే మనకు ఈ క్రియ ఏం చెబుతుందో అర్థమవుతుంది.

ఇయ్యి, ఇస్తూ ఉండు

తెలుగులో "చెప్పు" అంటే ఒక తీరు, "చెబుతూ ఉండు" అంటే ఇంకో తీరు. గ్రీకు ఆజ్ఞల్లోనూ ఇలాంటి రెండు రూపాలున్నాయి. ఒకటి పనిని సాగుతున్నదిగా చూపిస్తుంది. రెండోది, దాన్నే ఆయోరిస్ట్ అంటారు, పనిని మొత్తంగా ఒక్క చూపులో చూపిస్తుంది.

ప్రభువు ప్రార్థనలో రొట్టె కోసం అడిగే చోటు చూడండి. మత్తయిలో "దొస్", ఆయోరిస్ట్. ఈ రోజుకు ఇయ్యి. లూకాలో "దిదూ", సాగే రూపం. దినదినమూ ఇస్తూ ఉండు. లాటిన్‌కు ఆజ్ఞల్లో ఈ తేడా లేదు, రెండు చోట్లా "దా" అనే అంటుంది. తెలుగు బైబిల్లోనూ రెండు చోట్లా "దయచేయుము" అనే ఉంది. కూలీ అడ్డాలో పొద్దున్నే నిలబడే మనిషికి ఈ రెండు ప్రార్థనలూ కావాలి. ఇవాళ పని దొరకాలి. రేపూ, ఎల్లుండీ దొరుకుతూ ఉండాలి. ఒకరోజు అన్నదానం చేసి ఫోటో తీసుకుంటే మత్తయి ప్రార్థనకు ఆమేన్ అన్నట్టు. న్యాయమైన కూలి కోసం నిలబడితే లూకా ప్రార్థనకూ ఆమేన్ అన్నట్టు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. "ఆయోరిస్ట్ అంటే ఒకేసారి, శాశ్వతంగా" అని కొందరు బోధిస్తారు. అది సరికాదు. లూకా 9:23లో సిలువ ఎత్తుకొనమనే క్రియ ఆయోరిస్టే. దాని పక్కనే "ప్రతిదినము" అనే మాట ఉంది. ఒకేసారి అయితే ప్రతిదినం ఎలా? అదే వచనంలో "వెంబడించు" అనే క్రియ సాగే రూపంలో ఉంది. ఆయోరిస్ట్ పనిని మొత్తంగా చూపిస్తుంది. ఎన్నిసార్లన్నది చుట్టూ ఉన్న మాటలు చెప్పాలి.

కడుపు తరుక్కుపోయింది

మంచి సమరయుడు గాయపడినవాణ్ణి చూసినప్పుడు, తప్పిపోయిన కుమారుణ్ణి తండ్రి దూరం నుంచే చూసినప్పుడు, కాపరి లేని గొర్రెల్లా ఉన్న జనాన్ని యేసు చూసినప్పుడు, సువార్తల్లో వచ్చే క్రియ "స్ప్లాంక్‌నిజోమై". "స్ప్లాంక్‌న" అంటే లోపలి అవయవాలు, పేగులు. వాడుకలో కూడా అది లోలోపల కదిలిపోయే కనికరమే. సువార్తల్లో ఈ క్రియ యేసు ప్రభువుకూ, ఆయన చెప్పిన ఉపమానాల్లో ముగ్గురికీ తప్ప ఇంకెవరికీ వాడలేదు.

లాటిన్‌లో ఇది కనికరంతో కదిలిపోయాడు, కనికరించాడు అన్న మాటలయింది. "మిసెరికోర్దియా" అనే ఆ లాటిన్ మాటలో హృదయం ఉంది, కడుపు పోయింది. తెలుగు బైబిల్లో "కనికరపడు", "జాలిపడు" అని వస్తుంది. మంచి మాటలే. కానీ జాలి చాలాసార్లు పైనుంచి కిందికి చూస్తుంది. మన ఇళ్ళలో అమ్మమ్మలు అనే మాట ఒకటుంది: "చూస్తే కడుపు తరుక్కుపోయింది." గ్రీకు క్రియకు మన భాషలో దానికంటే దగ్గరి మాట లేదు.

ఆ క్రియ తర్వాత ఏమొస్తుందో కూడా చూడండి. సమరయుడు దగ్గరికి వెళ్ళాడు, గాయాలు కట్టాడు, నూనె, ద్రాక్షారసం పోశాడు, తన వాహనం మీద ఎక్కించాడు, సత్రానికి తీసుకెళ్ళాడు, డబ్బిచ్చాడు. వరసగా క్రియలే. మురికి కాలువల్లో దిగి చనిపోయిన పారిశుధ్య కార్మికుల వార్త చదివి "అయ్యో పాపం" అనుకుని పేజీ తిప్పితే, అది ఈ క్రియ కాదు.

లోబడడం, లోబరచుకోవడం

ఇప్పుడు కష్టమైన చోటికి వచ్చాం. దెబ్బలు తిని పాస్టరు దగ్గరికి వచ్చిన చెల్లెళ్ళకు "లోబడి ఉండమ్మా, వాక్యం అదే చెబుతోంది" అని చెప్పి పంపేయడం మన సంఘాల్లో ఎవరికీ కొత్త కాదు. ఆ వాక్యం ఏం చెబుతోందో చూద్దాం.

గ్రీకు క్రియకు కర్తరి, కర్మణి కాక మధ్యలో ఇంకో రూపం ఉంది. పని చేసేవాడికే ఆ పని తగిలినప్పుడు అది వస్తుంది. ఇంగ్లీషు చదువుకున్నవారికి ఇది కష్టం. మనకు సులువు. "వండింది" వేరు, "వండుకుంది" వేరు. "కడుగు" వేరు, "కడుగుకొను" వేరు. కన్నడంలో "కొళ్ళు", తమిళంలో "కొళ్" కూడా ఇదే పని చేస్తాయి.

ఎఫెసీ 5:21లో ఒకరికొకరు లోబడమనే మాటకు క్రియ "హుపొతాస్సో". కింద అమర్చు అని. అక్కడున్న రూపం కర్మణికీ, ఈ మధ్య రూపానికీ ఒకటే. సందర్భాన్ని బట్టి ఇష్టపూర్వకంగా తమను తాము తగ్గించుకోవడం అని చాలామంది పండితులు చదువుతారు. లాటిన్‌కు ఈ మధ్య రూపం లేదు. అక్కడ "సుబియెక్తి" అని పడింది. విడిగా చూస్తే లోబరచబడినవారు అని. ఇచ్చి పుచ్చుకునే వినయం, ఒకరు మీద పెట్టే కాడిలా వినబడసాగింది.

ఇంకో సంగతి. స్త్రీల గురించి చెప్పే 22వ వచనంలో, అత్యంత ప్రాచీనమైన పపైరస్ 46లోనూ, 4వ శతాబ్దపు వాటికనస్ ప్రతిలోనూ, అసలు క్రియే లేదు. "భార్యలు తమ భర్తలకు, ప్రభువుకు వలె" అన్నట్టు ఆగిపోతుంది. క్రియను 21వ వచనం నుంచి తెచ్చుకోవాలి. అంటే అందరూ అందరికీ చేయవలసిన పనిలో అది ఒక భాగం. మన బైబిళ్ళలో 22లో క్రియ పూర్తిగా ఉంటుంది. 21ని వదిలి 22 నుంచి చదవడం మొదలుపెడితే, ఇద్దరి బాధ్యత ఒక్కరి మెడకు చుట్టుకుంటుంది.

పిల్లలకూ, దాసులకూ చెప్పిన "విధేయులై ఉండు" అనే క్రియ వేరు. భార్యలకు ఇక్కడ ఆ క్రియ వాడలేదు. భర్తలకు "ప్రేమిస్తూ ఉండండి" అనే ఆజ్ఞ ఉంది, క్రీస్తు తనను తాను అప్పగించుకున్నంతగా. భార్యను లోబరచుకో అని భర్తకు ఒక్క చోటైనా ఆజ్ఞ లేదు. లోబడు, లోబరచు అనే రెండు క్రియల మధ్య తేడా తెలుగువాడికి గ్రీకు రాకపోయినా తెలుసు. చెయ్యెత్తినవాడి ముందు 2005 నాటి గృహహింస చట్టం పెట్టడం వాక్యానికి విరోధం కాదు.

కర్మ లేని క్రియ

చివరిగా 1 కొరింథీ 7:21. దాసుడిగా ఉండగా పిలువబడ్డావా, దాని గురించి బెంగ పెట్టుకోవద్దు అంటాడు పౌలు. స్వతంత్రుడివి కాగలిగితే "మాల్లొన్ ఖ్రేసై" అంటాడు. "అంతకంటే వాడుకో" అని. దేన్ని వాడుకోవాలి? క్రియకు కర్మ లేదు! లాటిన్ కూడా "మాగిస్ ఊతెరె" అని ఆ ఖాళీని అలాగే ఉంచింది.

4వ శతాబ్దం చివర గొప్ప ప్రసంగీకుడు యోహాను క్రిసోస్తొమ్ దాన్ని "దాస్యాన్నే వాడుకో" అని వివరించాడు. ఎవరెక్కడ పిలువబడ్డారో అక్కడే ఉండమన్న చుట్టుపక్కల వచనాలు ఆ వైపుకు బలం. రెండో వైపు కూడా బలముంది. క్రియకు దగ్గరగా ఉన్న మాట స్వాతంత్ర్యమే. క్రియ ఆయోరిస్టులో ఉంది. అప్పటికే ఉన్న స్థితిలో కొనసాగమనడం కంటే, వచ్చిన అవకాశాన్ని అందుకోమనడానికి ఆ రూపం బాగా సరిపోతుంది. రెండు వచనాల తర్వాత పౌలే మనుషులకు దాసులు కావద్దంటాడు. మన తెలుగు బైబిలు స్వాతంత్ర్యం వైపు నిలబడి, స్వతంత్రుడు కావడమే మంచిదని అనువదించింది. మేమూ అదే సరైనదని నమ్ముతున్నాం.

ఈ ఖాళీని ఎవరు, ఏ మాటతో పూరిస్తారన్నది చిన్న విషయం కాదు. అమెరికాలో బానిసల యజమానులు పౌలు పత్రికలను చూపించే బానిసత్వాన్ని సమర్థించుకున్నారు. మన తాతలు వెట్టి చేసిన కాలంలో "దేవుడు పెట్టినచోట ఉండండి" అనే బోధ ఎవరికి లాభమో ఆలోచించండి. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. అయినా ఇటుక బట్టీలకు అడ్వాన్సు తీసుకుని కుటుంబంతో సహా వలస వెళ్ళి, అప్పు తీరక అక్కడే చిక్కుకున్నవాళ్ళు ఈనాటికీ ఉన్నారు. మన ఒడియా, తెలంగాణ సరిహద్దుల వాళ్ళకు ఇది కళ్ళముందటి సంగతి. వాళ్ళకు మనం ఈ వచనాన్ని ఎలా చదివి వినిపిస్తాం?

మనం చేయగలిగింది

అందరం గ్రీకు పండితులం కానక్కర్లేదు. వచ్చే వారం నుంచి యూత్ మీటింగ్‌లో ఒక పని చేయొచ్చు. ఒక వచనం తీసుకుని తెలుగు, కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ, ఎవరికి వచ్చిన భాషలో వాళ్ళు చదవండి. క్రియ కింద గీత గీయండి. నాలుగు ప్రశ్నలు వేయండి. ఈ పని ఎవరు చేస్తున్నారు? ఎవరికి జరుగుతోంది? ఒక్కసారా, సాగుతూనా? వాక్యంలో చెప్పకుండా వదిలేసింది ఏమైనా ఉందా? భాషలు ఒక్క మాట మీద నిలిస్తే సంతోషం. తేడా వచ్చినచోట ఆగి పాస్టరుగారిని అడగండి. ఆయనకు తెలియకపోతే కలిసి వెతకండి. రెండు మూడు భాషల మధ్య పెరగడం లోటు అని మనలో చాలామంది చిన్నతనంలో మాటలు పడ్డారు. ఈ పనికి మాత్రం అది దేవుడిచ్చిన వరం.

ఆ నాలుగు ప్రశ్నల తర్వాత అయిదోది ఒకటి మిగులుతుంది. దాన్ని ఏ నిఘంటువూ అడగదు. ఈ క్రియను ఈ వారం మా వీధిలో ఎవరు చేయాలి? యాకోబు క్రియలు లేని విశ్వాసం మృతమన్నప్పుడు ఆయన అడిగిందీ అదే. జవాబు కోసం పక్కవారి వైపు చూడకుండా ఉండేటట్టు ప్రభువు మనందరికీ సహాయం చేయును గాక. ఆమేన్.